అరటి బోదె, రొట్టె, దొప్ప: లోయ్ క్రతోంగ్ రాత్రి నీళ్లలో ఏది వదిలితే మేలు?

బ్యాంకాక్‌లో నా మొదటి లోయ్ క్రతోంగ్ పండక్కి పార్కు గేటు దగ్గర రెండు బల్లల మధ్య ఇరుక్కుపోయాను. ఒక బల్ల నిండా అరటి బోదె క్రతోంగ్‌లు, అంటే దీపం పెట్టి నీళ్లలో వదిలే దొన్నెలు. చక్రంలా కోసిన బోదె ముక్క, చుట్టూ తామర రేకుల్లా మడిచిన అరటాకు, మధ్యలో బంతిపూలు, ఒక కొవ్వొత్తి, మూడు ఊదొత్తులు. పక్క బల్ల మీద అదే ఆకారంలో గులాబీ, పచ్చ, పసుపు రంగుల రొట్టెలు. నేను తేల్చుకోలేకపోతుంటే రొట్టెలమ్మే ఆవిడ "ప్లా కిన్ దాయ్" అంది. చేపలు తింటాయి అని. పుణ్యం, పురుషార్థం ఒకేసారి దొరుకుతుంటే కాదనేదెవరు? రొట్టె కొని, దీపం వెలిగించి, పార్కు చెరువులో వదిలి, తృప్తిగా ఇంటికొచ్చి పడుకున్నాను.

మర్నాడు పొద్దున వాకింగ్‌కి అదే పార్కుకి వెళ్తే చెరువు గట్టు పక్క నీళ్లు నానేసిన అటుకుల్లా ఉన్నాయి. పైన గులాబీ రంగు తెట్టు. పెళ్లి భోజనాలైన మర్నాడు పందిరి వెనక వచ్చే వాసన ఉంటుందే, అదే వాసన.

లోయ్ అంటే తేలించడం, క్రతోంగ్ అంటే ఆకు దొన్నె లాంటిది. థాయ్ చాంద్రమానంలో పన్నెండో నెల పౌర్ణమి నాడు ఈ పండగ. అది దాదాపుగా మన కార్తీక పౌర్ణమే. 2023లో నవంబర్ 27, 2024లో నవంబర్ 15, రెండేళ్లూ రెండు పండగలూ ఒకే రోజు పడ్డాయి. వాళ్లు మొక్కేది ఫ్రా మే ఖోంగ్‌ఖాకి. 'మే' అంటే అమ్మ, ఖోంగ్‌ఖా అంటే గంగ, అంటే సాక్షాత్తు మన గంగమ్మే. ఏడాది పొడవునా నీళ్లు వాడుకున్నందుకు, మురికి చేసినందుకు ఆ తల్లిని క్షమాపణ అడుగుతారు. నర్మద ఒడ్డున ఉందని చెప్పే బుద్ధుడి పాదముద్రకు ఇది పూజ అని ఇంకో మాట కూడా ఉంది. కొందరు పీడ వదలాలని గోటి ముక్కలు, ఒక వెంట్రుక కూడా అందులో వేస్తారు. దీపం పక్కన గోళ్లేమిటని మా అమ్మమ్మయితే అక్కడికక్కడే చెంపలు వేయించేది.

క్షమాపణ చెప్పడానికి వెళ్లి అదే తల్లిని మళ్లీ మురికి చేసి రావడం అన్నదే ఇక్కడ చిక్కు. ఒకప్పుడు ఈ నింద అంతా ఫోమ్‌ది, మనం థర్మాకోల్ అనే దానిది. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, కొనొద్దు, అంతే. ఇప్పుడు కొనేవాళ్లు కూడా బాగా తగ్గారు. అసలు పోటీ బోదెకీ రొట్టెకీ మధ్యే.

రొట్టె తరఫున చెప్పే మాట ఒకటే, త్వరగా కరిగిపోతుందని. నిజమే, రెండు మూడు రోజుల్లో కనబడకుండా పోతుంది. బోదెకి రెండు వారాలైనా కావాలి. ఈ లెక్క చూసి రొట్టే నయం అనుకుంటాం. నాకైతే లెక్క తలకిందులుగా ఉందనిపిస్తుంది. ఒక చెరువులో చేపలెన్ని, ఒక్క రాత్రి పడే రొట్టెలెన్ని? అవి తినగలిగినంత తిన్నాక మిగిలిందంతా నీళ్లలో కలిసిపోతుంది. ఆ పిండిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్‌ని లాగేసుకుంటాయి. అప్పుడు రొట్టె తిన్న చేపలే ఊపిరాడక నోళ్లు తెరుచుకుని పైకొస్తాయి. బోదె ముక్కయితే తెల్లారేసరికి ఇంకా తేలుతూనే ఉంటుంది, వలేసి తీయొచ్చు. కరిగిన రొట్టెని ఏ వల పడుతుంది? త్వరగా కరగడమే దాని తప్పు.

తీసేవాళ్లు ఉన్నారు కాబట్టే ఈ మాట అంటున్నాను. 2023లో బ్యాంకాక్ నగరపాలక సిబ్బంది నదిలో, కాలవల్లో, పార్కు చెరువుల్లో తీసిన క్రతోంగ్‌ల లెక్క 6,39,828. అందులో ఫోమ్‌వి ఇరవై వేల పైచిలుకు, మిగతా దాదాపు 97 శాతం ప్రకృతి సిద్ధమైన సరుకు. ఆ సరుకు ఎరువుగా మారుతుంది, ఫోమ్ చెత్తగుట్టకి పోతుంది. పేపర్లో ఆ 97 చూసి మురిసిపోతాం గానీ, రొట్టె కూడా ఆ ఖాతాలోనే పడుతుంది.

అలాగని బోదెకి ఫుల్ మార్కులు వేయలేను. మరుసటి ఏడాది మా ఆఫీసులో క్రతోంగ్‌లు చేయడం నేర్పించారు. ఆకుని త్రికోణంగా మడవాలి, మడత మీద మడత పేర్చాలి, ఒక్కో మడతకీ ఒక గుండుపిన్ను గుచ్చి బోదెకి బిగించాలి. నా బొటనవేలికి రెండుసార్లు గుచ్చుకున్నాక అనుమానమొచ్చి లెక్కపెట్టాను. అరచేయంత క్రతోంగ్‌లో పద్దెనిమిది పిన్నులు! ఎరువు చేయాలంటే అవన్నీ ఎవరో ఒకరు పీకాలి. పీకకపోతే మట్టిలోకో, ఏ చేప నోట్లోకో చేరతాయి. క్రతోంగ్‌లో వేసిన చిల్లర కోసం పిల్లలు చీకట్లో నీళ్లలోకి దిగుతారు, వాళ్ల పాదాల సంగతేమిటి? మన విస్తరాకులు కుట్టినట్టు వెదురు పుల్లలతో కుట్టే పెద్దవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. కొనేటప్పుడు కింద తిప్పి చూసి, పుల్లలైతేనే తీసుకోండి.

ఐసు క్రతోంగ్‌లు చేసేవాళ్లున్నారు, దీపం ఆరకముందే కరిగిపోతాయి. గోడ మీద వెలుగుల్లో తేలించే డిజిటల్‌వీ వచ్చాయి. పిల్లలకు సరదా, నాకు మాత్రం తడి తగలనిదే పండగ అనిపించదు. తాక్ ఊళ్లో పింగ్ నది మీద కొబ్బరి చిప్పల్లో దీపాలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరతాయి. చూడ్డానికి దాన్ని మించింది లేదు. కానీ చిప్ప ఏళ్ల తరబడి చెక్కుచెదరదు, ఇంట్లో చేసుకుని వదిలేయడానికి పనికిరాదు.

నా ఓటు సముత్ సోంగ్‌ఖ్రామ్ అనే రాష్ట్రం వాళ్లకి. అంఫవా దగ్గర మే క్లోంగ్ నదిలో వాళ్లు వదిలేది ఉత్త అరటి దొప్ప. బోదె పొర ఒలిచి, ముక్కలు కోసి, మధ్యలో చిన్న వెలుగు పెట్టి వేలకొద్దీ బారులుగా వదులుతారు. ఆకు మడతలు లేవు, కాబట్టి పిన్నుల గొడవా లేదు. ఒక్కదాన్నే ఫోటో తీస్తే పడవలా బోసిగా ఉంటుంది. వంద కలిస్తే చూడాలి. ఆ ఫోటోలు చూసినప్పుడు నాకు పోలి పాడ్యమి తెల్లవారుజాము గుర్తొచ్చింది. చలికి వణుకుతూ గోదావరి పుష్కర ఘాట్ మెట్ల మీద అమ్మమ్మ, ఆవిడ చేతిలో దొప్ప, అందులో ముప్ఫై వత్తులు.

అయితే దొప్పయినా పారే నీళ్లలోనే, లేదా మర్నాడు శుభ్రం చేస్తారని తెలిసిన చోటే వదలాలి. ఇంటికి ఒకటి చాలు. మా ఇంట్లో మొదట మనిషికొకటి కావాలని పేచీ పెట్టారు. ఇప్పుడు నలుగురం ఒకే దొప్ప పట్టుకుని వదులుతాం, ఒకరి వేలు ఒకరికి తగులుతూ. ఏమైనా రొట్టె మాత్రం మళ్లీ కొనలేదు.

పోయినసారి అదే గేటు దగ్గర ఆ రొట్టెలమ్మే ఆవిడే కనబడింది. నా చేతిలో దొప్ప చూసి "మే క్లోంగ్ వాళ్లా?" అని అడిగింది.

"కాదు, రాజమండ్రి" అన్నాను.