ట్రీజన్‌కు తెలుగు ఏది మేలు: రాజద్రోహమా, దేశద్రోహమా, స్వామిద్రోహమా?

ఇంగ్లండు చరిత్ర మీద ఒక పెద్ద వ్యాసాన్ని ఈ మధ్య తెనిగించినప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆపిన మాట ‘ట్రీజన్’, అంటే విధేయత చూపవలసిన రాజుకో రాజ్యానికో తలపెట్టే ద్రోహం. అనువాదంలోకి కొత్తగా వస్తున్న మిత్రులు మళ్ళీమళ్ళీ అడిగేదీ దీని గురించే. రాజద్రోహం అనాలా, దేశద్రోహం అనాలా, రెండూ ఒకటేనా అని వారి ప్రశ్న. నేను ఈ రెండింటి పక్కన స్వామిద్రోహం అనే పాత మాటను కూడా పెట్టి మూడింటినీ తూచి చూశాను. తూకంలో చివరికి తేల్చేది ఒక్కటే అని నాకు తోచింది: ద్రోహం చేసినవాడు ఎవరికి విధేయుడై ఉండవలసినవాడు?

ముందు మాట పుట్టుక చూడాలి. లాటిన్‌లో ‘త్రాదెరె’ అంటే చేయి దాటించి ఇచ్చివేయడం, అప్పగించడం. అది పాత ఫ్రెంచి మీదుగా, నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాత ఇంగ్లిషులో స్థిరపడి ‘ట్రీజన్’ అయింది. ‘ట్రెయిటర్’, ‘బిట్రే’ దానికి తోబుట్టువులు. ‘ట్రెచరీ’ కూడా అదే ఇంటిదనిపిస్తుంది గాని కాదు, అది ‘ట్రిక్’కు చుట్టం. క్రీ.శ. 303లో క్రైస్తవ గ్రంథాలను తగలబెట్టమని రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ ఆజ్ఞ ఇచ్చినప్పుడు, ఉత్తర ఆఫ్రికాలో ప్రాణభయంతో గ్రంథాలను అధికారుల చేతికిచ్చిన మతగురువులను తోటి క్రైస్తవులు ‘త్రాదితోర్’ అని ఈసడించారు, అంటే అప్పగించినవాడు అని. తెలుగు బైబిలు కూడా యేసును శత్రువులకు పట్టించిన శిష్యుడు యూదా చేసిన పనికి ‘అప్పగించు’ అనే క్రియనే వాడుతుందని గుర్తు చేసుకుంటే, మూలంలోని బొమ్మ మనకూ కనబడుతుంది. చిత్రమేమిటంటే, తరం నుంచి తరానికి అప్పగించేదానికి ఇంగ్లిషులో ఉన్న ‘ట్రెడిషన్’ అనే మాటా ఈ ధాతువు నుంచే వచ్చింది. మన ‘సంప్రదాయం’లో ఉన్నదీ ఇవ్వడమనే అర్థం గల ‘దా’ ధాతువే, లాటిన్ ధాతువుకు అది సోదరి. అయితే సంస్కృతం ఆ ధాతువును వంచనకు వాడుకోలేదు, ఆ పనికి ‘ద్రుహ్’ను తీసుకుంది.

ఈ ‘ద్రుహ్’కు, సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం చెప్పిన అర్థం ‘జిఘాంస’, చంపాలనే కోరిక. ఇంగ్లండులో మూడో ఎడ్వర్డు కాలంలో, 1351లో, ట్రీజన్‌కు హద్దులు గీసిన శాసనం మొట్టమొదట పేర్కొన్న నేరం రాజు చావును తలపెట్టడం, ఊహించడం. ఏ సంబంధమూ లేని రెండు చోట్ల తలపు దగ్గరే నేరం మొదలైంది. కనుక సమాసంలో రెండో పదం ‘ద్రోహమే’ కావాలన్న విషయంలో నాకు సందేహం లేదు, తగవంతా మొదటి పదం గురించే.

రాజద్రోహం అన్నది అందరికీ ముందుగా తోచే మాట, అర్థం కూడా పైకి సరిగ్గానే అతుకుతుంది. దానికి అడ్డం వచ్చేది మన చరిత్ర. భారత శిక్షాస్మృతిలో 1870లో చేరిన 124ఏ సెక్షన్ చెప్పే ‘సెడిషన్’కు తెలుగు పత్రికలు రాజద్రోహం అని పేరు పెట్టాయి. 1908లో తిలక్‌కు, 1922లో గాంధీకి ఆరేసి సంవత్సరాల శిక్ష పడినది ఆ సెక్షన్ కిందనే. బెజవాడ నుంచి వెలువడిన స్వరాజ్య పత్రికలో రాతకు 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు వెళ్ళినదీ రాజద్రోహ నేరం మీదే. సెడిషన్ అంటే ప్రభుత్వం మీద ద్వేషమో ఏవగింపో పుట్టించే మాట, రాత. ట్రీజన్ అంటే యుద్ధం చేయడం, శత్రువుతో చేతులు కలపడం వంటి పని. ఒకదానికి 2024 దాకా అమలులో ఉన్న శిక్షాస్మృతిలో 124ఏ ఉండేది, రెండోదానికి దగ్గరగా వచ్చినది ప్రభుత్వంపై యుద్ధాన్ని గురించిన 121వ సెక్షన్. రాజద్రోహం అన్న మాట చూడగానే తెలుగు పాఠకుడికి సంపాదకీయాలూ ఉపన్యాసాలూ గుర్తుకు వస్తాయే తప్ప శత్రువుకు కోట తలుపు తీసిన మనిషి గుర్తుకు రాడు. ఒక మాట ఇంత గట్టిగా మరో నేరానికి అంటుకున్నాక దాన్ని విడదీసి వాడుకోవడం వృథాప్రయాస.

దేశద్రోహం సంగతి ఇంకోలా ఉంది. 2024 జూలై 1 నుంచి ఆ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చి, 124ఏ పోయి 152వ సెక్షన్ వచ్చింది. ఆ బిల్లును పార్లమెంటులో వివరిస్తూ హోంమంత్రి రాజద్రోహం స్థానంలో దేశద్రోహాన్ని తెచ్చామని చెప్పారు. అంటే ఈ మాట కూడా ఆ సెక్షన్ల గొడవలోకి దిగిపోయింది. పైగా వాడుకలో దేశద్రోహి అన్నది తిట్టుగా మారి చాలా కాలమైంది, టీవీ చర్చల్లో అది రోజూ వినబడుతూనే ఉంటుంది. అయినా ఒక్కచోట దీన్ని మించినది లేదని ఒప్పుకోవాలి. 1787లో రాసుకున్న అమెరికా రాజ్యాంగం మూడో అధికరణంలో ట్రీజన్ అంటే అమెరికాపై యుద్ధం చేయడం, లేదా దాని శత్రువుల పక్షం చేరి వారికి సాయపడడం మాత్రమేనని, ఒకే బాహ్యచర్యను చూసిన ఇద్దరు సాక్షులైనా, బహిరంగ న్యాయస్థానంలో ఒప్పుకోలైనా ఉంటే తప్ప శిక్షించరాదని ఉంది. రాజును వదిలించుకున్నవారు రాసుకున్న నిర్వచనం గనుక అక్కడ దేశద్రోహమే సరైన మాట.

ఇంగ్లండుకు వచ్చేసరికి మాత్రం నాకు స్వామిద్రోహం తప్ప మరొకటి కుదరలేదు. 1351 శాసనం ట్రీజన్‌ను పెద్దది, చిన్నది అని రెండుగా విడదీసింది. రాజుకు చేసినది పెద్దది. సేవకుడు యజమానిని, భార్య భర్తను, మతగురువు తన పై అధికారిని చంపితే అది చిన్నది. ఇది చదివిన తెలుగువాడు ఒక్కసారి ఆగాలి. రాజు, యజమాని, భర్త, గురుపీఠంలో ఉన్నవాడు, ఈ నలుగురికీ తెలుగులో ఉన్న ఉమ్మడి మాట ‘స్వామి’. రాజద్రోహమంటే మూడు నేరాలు బయటికి పోతాయి, దేశద్రోహమంటే నాలుగూ పోతాయి. భర్తను చంపిన స్త్రీని మామూలు హంతకురాలిగా గాక చిన్న ట్రీజన్ నేరస్థురాలిగా కొయ్యకు కట్టి కాల్చే శిక్ష 1790 దాకా చట్టంలో ఉండడానికి, ఆ చిన్న ట్రీజన్ 1828లో గాని రద్దు కాకపోవడానికి కారణం ఈ ఒక్క మాటతో తేలిగ్గా బోధపడుతుంది. ఇంటిలోని స్వామి సింహాసనంపై స్వామికి నీడ అన్నది ఆ శాసనం వెనుక ఉన్న ఊహ.

ఇదంతా మధ్యయుగాల మాట కదా అని కొందరు అనవచ్చు, అందుకే విలియం జాయిస్ కేసును ముందుకు తెస్తాను. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ రేడియో నుంచి ఇంగ్లిషులో నాజీ ప్రచారం చేసిన జాయిస్‌ను 1946 జనవరి 3న లండనులో ట్రీజన్ నేరానికి ఉరితీశారు. అతడు పుట్టింది న్యూయార్కులో, పుట్టుకతో అమెరికా పౌరుడు, 1940లో జర్మన్ పౌరుడయ్యాడు. బ్రిటన్ అతని దేశమే కాదు, మరి దేశద్రోహం ఎలా అవుతుంది? అబద్ధం చెప్పి తీసుకున్న బ్రిటిష్ పాస్‌పోర్టు అతని దగ్గర ఉంది, అది చెల్లినంత కాలం బ్రిటిష్ రాజు రక్షణ పొందే హక్కు అతనికి ఉన్నట్టే గనుక రాజుకు విధేయత కూడా బాకీ ఉన్నట్టే అని న్యాయస్థానం తీర్మానించింది. అప్పట్లో ఆఖరి అప్పీలు వినే ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) 4–1 మెజారిటీతో దాన్ని నిలబెట్టింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని మనవాళ్ళు అనే నేరానికి ఇది న్యాయశాస్త్ర భాషలో వ్యాఖ్యానం. ఉప్పు ఎవరిది తిన్నాడన్నదే ప్రశ్న గాని ఏ నేల మీద పుట్టాడన్నది కాదు. తీర్పు న్యాయమేనా అన్నది వేరే సంగతి, నాకైతే పాస్‌పోర్టు దారంతో మెడకు ఉరి పేనినట్టు అనిపిస్తుంది. మాట ఎంపికకు సంబంధించినంత వరకు మాత్రం ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు.

మిగిలిన మాటలకు రెండు వాక్యాలు చాలు. నమ్మకద్రోహం, విశ్వాసఘాతుకం అనేవి స్నేహితుల మధ్య, భాగస్వాముల మధ్య జరిగే ‘బిట్రేయల్’కు చక్కగా సరిపోతాయి గాని వాటిలో రాజ్యం వాసన లేదు. వెన్నుపోటు మంచి తెలుగు బొమ్మే అయినా, 1995 ఆగస్టు తరువాత అది మన రాజకీయాల్లో స్థిరనివాసం ఏర్పరచుకుంది, దాన్ని ఇంగ్లండు పంపితే అక్కడ కూడా పాఠకుడు హైదరాబాదునే చూస్తాడు.

స్వామిద్రోహానికీ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. 1649 జనవరిలో ఇంగ్లండు పార్లమెంటు ఏర్పరచిన న్యాయస్థానం మొదటి చార్లెస్ రాజునే ట్రెయిటర్, అంటే ట్రీజన్ చేసినవాడు, అని తీర్మానించి, 30వ తేదీన తల నరికించింది. రాజు తనకు తానే రాజద్రోహం ఎలా చేసుకుంటాడు, స్వామికి స్వామి ఎవరు? పరిమితమైన అధికారాన్ని నమ్మి అప్పగిస్తే దాన్ని ప్రజల మీదికే తిప్పి యుద్ధం చేశాడన్నది అతనిపై అభియోగం. మూడొందల ఏళ్ళుగా విధేయత కింది నుంచి పైకి మాత్రమే నడుస్తుందని చెప్పిన మాటను ఆ న్యాయస్థానం తలకిందులు చేసింది. నేను తెనిగించిన వ్యాసంలో 1351 నుంచి జాయిస్ దాకా అన్ని చోట్లా స్వామిద్రోహమే రాశాను. చార్లెస్ విచారణ ఉన్న ఆ రెండు పేజీల్లో మాత్రం ఏ సమాసమూ పెట్టకుండా, ‘అతడు ప్రజలకు ద్రోహం చేశాడని’ అని విడదీసి రాశాను.