న్యూటన్ రెండో నియమానికి వాలుపలకా, అట్‌వుడ్ యంత్రమా?

బలం = ద్రవ్యరాశి × త్వరణం అనే ఈ నియమాన్ని ప్రయోగంతో పరీక్షించడానికి గెలీలియో 1638లో వర్ణించిన వాలుపలక చవక. 2 మీటర్ల నున్నని పలకను 5 డిగ్రీలు వాలిస్తే ఇనుప గుండు సుమారు 2.6 సెకన్లలో దిగుతుంది. చిక్కల్లా అది జారదు, దొర్లుతుంది. త్వరణం జారే వస్తువుకు వచ్చేదానిలో 5/7 వంతే. ఇది మరిస్తే గురుత్వ త్వరణం 9.8కి బదులు 7 అని తేలుతుంది.

జార్జ్ అట్‌వుడ్ 1784లో వివరించిన, కప్పీ మీది దారానికి రెండు కొసలా బరువులు కట్టే యంత్రమే మేలు. ఇందులో ద్రవ్యరాశి మారకుండా బలాన్ని మార్చవచ్చు, రెండో నియమానికి కావలసిందే అది. 200, 210 గ్రాములు కడితే మీటరు దిగడానికి దాదాపు 2.9 సెకన్లు. బలం పెంచడానికి కొత్త తూకం చేర్చకండి, మొత్తం ద్రవ్యరాశి మారిపోతుంది. తేలిక వైపు నుంచి కొంత తూకం తీసి బరువు వైపు వేయండి. కప్పీ రాపిడికి విరుగుడు: ముందు సమాన బరువులు కట్టి, దిగే వైపు కొద్దికొద్దిగా పెంచుతూ, తట్టగానే ఒకే వేగంతో కదిలేదాకా సరిచేయాలి.