సుఖవ్యాధి, గుప్తరోగం, ఎస్టీడీ, ఎస్టీఐ: ఏ మాట ఎక్కడ మేలు?

కలయిక ద్వారా సోకే జబ్బులకు వాడే మాటలివి. తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి వచ్చే మనిషి నోట ఈ నాలుగు మాటల్లో ఏదీ రాదు. ‘ఒంటికి పోతే మంటగా ఉండాది సార్’ అంటాడు, లేదంటే ‘కింద పుండు లేసింది’ అంటాడు. మాట మారేది గోడల మీది ప్రకటనల్లో, ఓపీ చీటీల్లో, కౌన్సెలింగ్ గదిలో. అతను ఏ తలుపు తడతాడు, ఇంట్లో చెబుతాడా లేదా అన్నది చాలావరకు ఆ మాటే తేలుస్తుంది.

అన్నింట్లోకీ చేటు ‘గుప్తరోగం’. బస్టాండ్ల దగ్గర గోడలకు అంటించే కాగితాల్లో ఈ మాట కింద స్వప్నస్ఖలనం, నరాల బలహీనత, సెగ (గనేరియా), సవాయి అన్నీ కలిపేస్తారు. స్వప్నస్ఖలనం అసలు జబ్బే కాదు. సవాయి, అంటే సిఫిలిస్, సూక్ష్మజీవి వల్ల వచ్చేది. దాని పుండు కలయిక తర్వాత 10 నుంచి 90 రోజుల మధ్య, ఎక్కువగా మూడో వారంలో లేస్తుంది. నొప్పి ఉండదు. మందు వాడకున్నా 3 నుంచి 6 వారాల్లో మానిపోతుంది. ఆ రోజుల్లో లేహ్యం తిన్నవాడు లేహ్యమే మాన్పిందని నమ్ముతాడు. క్రిమి మాత్రం లోపలే ఉంటుంది. కొన్ని వారాలకు అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు తేలుతాయి, అవీ వాటంతటవే పోతాయి. దీనికి అసలు మందు బెంజథీన్ పెనిసిలిన్ ఇంజెక్షన్, 24 లక్షల యూనిట్లు. తొలిదశలో ఒక్కసారి సరిపోతుంది. ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు వారాలు.

‘సుఖవ్యాధి’ మన ఆసుపత్రి బోర్డుల మీద పాత మాట. అందరికీ అర్థమవుతుంది, కానీ ముందే తప్పు మోపుతుంది. గర్భిణికి మొదటి చెకప్‌లో చేసే వీడీఆర్ఎల్ (సిఫిలిస్ రక్తపరీక్ష) పాజిటివ్ వస్తే ఆమెకు ఏ లక్షణమూ లేకపోవచ్చు, భర్త నుంచి సోకి ఉండొచ్చు. చికిత్స అందకపోతే కడుపులో బిడ్డకూ సోకుతుంది. పురిటి బిడ్డ కేసు షీటులో ‘సుఖవ్యాధి’ అని రాయడం ఎంత అన్యాయం! ఈ మాట రికార్డుల్లోంచి పూర్తిగా పోవాలి.

ఇక ఎస్టీడీ, ఎస్టీఐ. మొదటిదాంట్లో ‘డీ’ అంటే డిసీజ్, వ్యాధి; రెండోదాంట్లో ‘ఐ’ అంటే ఇన్‌ఫెక్షన్. తేడా చివరి అక్షరంలోనే అయినా పని దగ్గర అది పెద్దది. వ్యాధి అంటే లక్షణాలు కనబడాలని జనం అనుకుంటారు. క్లమీడియా అనే బ్యాక్టీరియా సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఏమీ తెలియదు. భర్తకు చీము కారుతోందని భార్యను పిలిపించి ‘నీకూ వ్యాధి ఉండొచ్చు’ అంటే, ‘నాకేం జబ్బు? నేను బాగానే ఉండాను’ అని మాత్రలు మింగకుండా వెళ్లిపోతుంది. అతను మాని ఇంటికెళ్లాక ఆమె నుంచి మళ్లీ అంటుకుంటుంది. ‘ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు, పైకి తెలియదు, ఇద్దరూ ఒకేసారి మింగాలి’ అంటే ఒప్పుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల చివరి నుంచి ఎస్టీఐ అనే వాడుతోంది, కారణం ఇదే. మా ఓటు కూడా దీనికే.

ఎస్టీఐ అన్ని చోట్లా అతకదు. తెల్లబట్టతో వచ్చే ఆడవాళ్లలో చాలామందిది కాండిడా (ఫంగస్) లేదా బ్యాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలో ఉండే బ్యాక్టీరియా సమతూకం తప్పడం). వీటికి కలయికే కారణమని చెప్పలేం. ఎస్టీఐ అని రాస్తే కాపురంలో అనవసరంగా అనుమానం పుడుతుంది. రికార్డుల్లో వీటికి ఆర్టీఐ (జననమార్గ ఇన్‌ఫెక్షన్) అని ఉంది, కానీ జనానికి ఆర్టీఐ అంటే సమాచార హక్కే. ఆమెతో ‘తెల్లబట్ట ఇన్‌ఫెక్షన్’ అంటే చాలు.

మందుల కౌంటర్ దగ్గర ఏ పేరూ అక్కర్లేదు. ఈ జబ్బులకు చికిత్స చేసే ప్రభుత్వ సురక్ష క్లినిక్కుల్లో మందుల కిట్లకు రంగులున్నాయి: చీముకు బూడిద రంగు, అందులో అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, రెండూ ఒక్కసారి మింగితే చాలు. తెల్లబట్టకు ఆకుపచ్చ, హెర్పిస్ పొక్కులకు ఎరుపు. లైనులో నలుగురి ముందు రంగు చెబితే రోగి పరువు నిలుస్తుంది.

బోర్డుల మీద ‘ఎస్టీడీ’ ఉంటే దాన్ని ఒక్కసారిగా చెరిపేయొద్దు. ఆ గుర్తుతోనే వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారు. కొత్త పేరు పైన రాసి, పాతది కింద చిన్నగా ఉంచాలి. గదిలోకి వచ్చాక మాత్రం ముందు లక్షణం అడగాలి, పేరు పరీక్ష అయ్యాక చెప్పాలి.