కర్నూలు నవాబు జాడ వెతుక్కుంటూ

కర్నూలుకు వచ్చేవాళ్లలో చాలామంది మంత్రాలయమో యాగంటో పోతూ, దారిలో కొండారెడ్డి బురుజు ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. మేం మాత్రం అనంతపురం నుంచి పనిగట్టుకుని చివరి నవాబు కోసమే పోయాం. గులాం రసూల్ ఖాన్ కథంటే మా బావ చెవి కోసుకుంటాడు.

1839లో నవాబు గుట్టుగా ఆయుధాలు పోగేస్తున్నాడని వేగులు ఈస్టిండియా కంపెనీకి ఉప్పందించారు. సోదా చేస్తే కోటలో, జనానా తోటల్లో ఫిరంగులు, గుండ్లు, వాటిని పోతపోసే కొలుములు బయటపడ్డాయి. అదే ఏడాది హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలాను కూడా కుట్ర చేశాడని గోల్కొండలో బంధించారు. అక్టోబరు 18న జోహరాపురం దగ్గర పోరు జరిగి నవాబు పట్టుబడ్డాడు. తిరుచిరాపల్లిలో బందీగా ఉండగా 1840లో ఎవరో పొడిచి చంపారు. రాజ్యం కంపెనీపాలైంది.

జనం ఆయన పాలనతో విసిగిపోయారని కంపెనీ కాగితాలు చెబుతాయి. "గద్దె లాక్కున్నోళ్లు ఇంకేం రాస్తారులే" అంటాడు బావ. నాకు అలా అనిపించదు. అన్ని కొలుముల పొగ దాగాలంటే ఊరు ఊరంతా నోరు మూసుకోవాలి. కబురు బయటికి పొక్కిందంటే, నవాబు మీద ఊరికి అంత ప్రేమ ఉన్నట్టు లేదు.

ఇక చూసినవాటి సంగతి. బురుజు పైనుంచి ఊరు బాగా కనబడుతుంది, అంతకుమించి ఆశపడొద్దు. కొండారెడ్డిని ఇక్కడే బంధించారని, తుంగభద్ర కిందుగా గద్వాల దాకా సొరంగం ఉందని పక్కనే పండ్లమ్మే ఆయన చూసొచ్చినట్టే చెప్పాడు. నవాబు గురించి మాత్రం బోర్డు మీద ఒక్క ముక్క కూడా మాకు కనబడలేదు.

హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి నాకు బురుజు కంటే నచ్చింది. బీజాపూర్ సుల్తానుల తరఫున కర్నూలును ఏలినవాడు. కమానుల కింద నిలబడితే బయట ఎండ మర్చిపోతాం. జనం ఉండరు. హంద్రీ వైపు నుంచి గాలి వీస్తే మాత్రం ముక్కు మూసుకోవాల్సిందే!

జోహరాపురం పోదామంటే ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు. "ఏముంది సార్ ఆడ? ఇండ్లే." నిజమే, ఇండ్లే. బావ మాత్రం ఇక్కడే, ఇక్కడే అంటూ వీధుల్లో చాలాసేపు తిప్పాడు. కథ తెలియకుండా పోతే ఆటో ఖర్చు దండగ.

రాజ్‌విహార్ సెంటర్ పక్కన ఒక లాడ్జిలో దిగాం. ఆన్‌లైన్‌లో చూపించిన గదికీ, ఇచ్చిన గదికీ పోలికే లేదు. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ, వేడినీళ్లు అడిగితే బకెట్‌తో తెస్తామన్నారు. డబ్బులు కట్టే ముందు గది చూపించమనండి, సందులో ఉన్న హోటలైతే రాత్రి హారన్ల బాధ తగ్గుతుంది. ఆటోలవాళ్లతో ఎక్కకముందే బేరం తేల్చుకోండి.

తిండికి ఢోకా లేదు. పొద్దున బండి దగ్గర ఉగ్గాని (బొరుగుల ఉప్మా) పొగలు కక్కుతుంటే పైన పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టిస్తారు. నవాబు విషయంలో బావకూ నాకూ పడకపోయినా, ఇద్దరం రెండో ప్లేటు చెప్పాం. ఎండాకాలం మాత్రం వెళ్లకండి, బురుజు రాళ్ల మీద కాలు పెట్టలేరు.