గొంతునొప్పి తర్వాత టిక్స్: యాంటీబయాటిక్ మేలా, సీబీఐటీ శిక్షణ మేలా?

"బాబుకి ఏఎస్‌ఓ 400 వచ్చిందండీ, కళ్లు ఆర్పడం ఆగట్లేదు. యాంటీబయాటిక్ వాడితే పోతుందా?" తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. ఏఎస్‌ఓ అంటే గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్ బ్యాక్టీరియా సోకిందా అని చూసే రక్తపరీక్ష. ఆ అంకె సంగతి తర్వాత. ముందు తేలాల్సింది టిక్స్ (అప్రయత్నంగా మళ్లీ మళ్లీ వచ్చే కదలికలు, శబ్దాలు) ఎలా మొదలయ్యాయన్నది.

స్ట్రెప్ బ్యాక్టీరియా మీదికి తయారైన యాంటీబాడీలు దారితప్పి మెదడులో కదలికలను అదుపు చేసే బేసల్ గాంగ్లియా మీద పడి వాపు తెస్తాయన్నది పాండాస్ అనే జబ్బు గురించిన వాదన. 1998లో అమెరికాలో సూజన్ స్వీడో బృందం 50 మంది పిల్లల్లో దీన్ని వివరించింది. అందులో అసలు గుర్తు హఠాత్తుగా రావడం. మొన్నటిదాకా బాగున్న పిల్ల ఒకటి రెండు రోజుల్లోనే చేతులు కడిగిందే కడుగుతుంది, అమ్మను వదలదు, చేతిరాత చెడుతుంది, పక్క తడుపుతుంది, వీటితోపాటే టిక్స్. మామూలు టిక్స్ ఇలా రావు. ఆరేళ్లప్పుడు కళ్లార్పడం (కంటి డాక్టరు దగ్గరికి), కొన్నాళ్లకు గొంతు సవరించడం (అలర్జీ సిరప్), ఆపైన భుజం ఎగరేయడం. ఎక్కువమంది పిల్లలది ఈ రెండో దారే. వీళ్లకు టిక్స్ కోసమని యాంటీబయాటిక్ ఇవ్వడం దండగ.

మరి వాడాక తగ్గిందంటారే? టిక్స్ వారాల తరబడి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. బాగా పెరిగినప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్తాం కాబట్టి, ఆ తర్వాత ఏం మింగినా తగ్గినట్టే కనిపిస్తుంది. యూరప్‌లో టిక్స్ ఉన్న 700 మందికి పైగా పిల్లలను నెలల తరబడి గమనించి 2021లో ఫలితాలు ప్రకటించారు. స్ట్రెప్ సోకడానికీ టిక్స్ పెరగడానికీ లంకె కనబడలేదు.

ఏఎస్‌ఓ చెప్పేది పాత సంగతి. ఇన్ఫెక్షన్ వచ్చిన 3 నుంచి 6 వారాలకు పతాక స్థాయికి చేరి, నెలల తరబడి దిగదు. బడి పిల్లల్లో 200 దాటడం వింతేం కాదు. రెండు మూడు వారాల తేడాతో రెండుసార్లు చేయించి, బాగా పెరిగిందా అని చూస్తేనే దానికి అర్థం. గొంతు నొప్పి, జ్వరం ఇప్పుడే ఉంటే గొంతు స్వాబ్ కల్చర్ మేలు. మందు మొదలుపెట్టకముందే, రెండు టాన్సిళ్ల మీదా గొంతు వెనక గోడ మీదా దూది పుల్ల తిప్పి తీయాలి. స్ట్రెప్ తేలితే అమాక్సిసిలిన్ పూర్తిగా 10 రోజులు. నొప్పి తగ్గిందని మూడో రోజున మానకూడదు. అయితే ఆ మందు గొంతు కోసం, టిక్స్ కోసం కాదు.

టిక్స్ పిల్లవాణ్ని ఇబ్బంది పెడుతుంటే నా ఓటు సీబీఐటీకే, అంటే మందుల్లేకుండా టిక్‌ను అదుపు చేసుకోవడం నేర్పే శిక్షణకే. 2010లో అమెరికాలో 126 మంది పిల్లల మీద 10 వారాలు పరీక్షిస్తే, శిక్షణ పొందినవాళ్లలో సగానికి పైగా బాగా మెరుగయ్యారు. పోల్చిన గుంపులో అయిదో వంతుకన్నా తక్కువ. టిక్ వచ్చేముందు లోపల ఒక గులగుల పుడుతుంది. దాన్ని పసిగట్టడం మొదటి పాఠం. భుజం ఎగరేసే పిల్లవాడైతే, ఆ గులగుల రాగానే మోచేతిని నడుముకు ఆనించి భుజాన్ని కిందికి లాగి, ఒక నిమిషమో అది పోయేదాకానో అలాగే ఉంచాలి. గొంతు సవరించేవాడైతే నోరు మూసి ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి వదలాలి. చెడేది ఇంట్లోనే: పెద్దవాళ్లు గంటకోసారి "మళ్లీ చేస్తున్నావ్" అంటే టిక్ పెరుగుతుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఆ గులగుల సరిగ్గా తెలియదు, అది ఇంకో చిక్కు. ఈ శిక్షణ తెలిసిన సైకాలజిస్టు ఊళ్లో లేకపోతే వీడియో కాల్‌లోనూ నేర్చుకోవచ్చు.

ఇబ్బంది లేకపోతే ఏమీ చేయకుండా కనిపెట్టుకుని ఉండటమూ వైద్యమే. క్లోనిడిన్ అనే మందు టిక్స్ మీద పనిచేస్తుంది, మగత తెస్తుంది, ఉన్నట్టుండి ఆపకూడదు. ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) ఖరీదైనది, 2016లో 35 మంది పాండాస్ పిల్లల మీద జరిగిన పరీక్షలో డమ్మీ మందుకన్నా స్పష్టంగా మేలనిపించలేదు. టిక్స్ కోసం టాన్సిళ్లు తీయించొద్దు.

ఒక్క చోట మాత్రం ఈ లెక్కంతా పక్కన పెట్టాలి. కదలిక ఒకే తీరుగా కాక చేతులూ మొహమూ పాకినట్టు అదుపు లేకుండా ఆడుతుంటే, చాచిన నాలుక నిలవకపోతే, మీ వేలు పట్టుకున్న పిడికిలి బిగుస్తూ వదులవుతుంటే అది సైడెన్‌హామ్ కొరియా కావచ్చు. అంటే రుమాటిక్ జ్వరం. వెంటనే గుండెకు ఎకో తీయించాలి. అది తేలితే మూడు నాలుగు వారాలకోసారి బెంజథిన్ పెనిసిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి తప్పదు.