గ్లాక్ 17తో తొమ్మిదేళ్లు: ఓ ఎడంచేతివాడి అనుభవం

నాది ఎడంచేతి వాటం. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద గ్లాక్ 17 అనే పిస్టల్ గురించి రాసే పొగడ్తలో సగం దానివల్లే.

సర్వీసులో చేరిన కొత్తలో ఇచ్చిన పిస్టల్‌కి సేఫ్టీ మీట (పొరపాటున పేలకుండా ఆపేది, దించితేనే కాల్చగలం) ఎడమ పక్క మాత్రమే ఉండేది. కుడిచేత్తో పట్టుకునేవాడి బొటనవేలికి అది సరిగ్గా అందుతుంది. నా బొటనవేలు మాత్రం అవతలి పక్కన ఊరికే ఉండేది. మీట దించాలంటే రెండో చెయ్యి రావాల్సిందే. టైమర్ బీప్‌మన్నాక పక్కవాడు రెండు రౌండ్లు (తూటాలు) కాల్చేసేవాడు, నేనింకా మీటతో కుస్తీ పడుతుండేవాణ్ని. ఎన్నేళ్లు ప్రాక్టీస్ చేసినా ఆ టెన్షన్ పోలేదు.

గ్లాక్ చేతికొచ్చాక ఆ గొడవే లేదు, అసలు మీటే లేదు కాబట్టి. ట్రిగ్గర్ మధ్యలో చిన్న నాలుకలాంటిది ఉంటుంది. వేలు దాని మీద పడితేనే ట్రిగ్గర్ వెనక్కి వస్తుంది. లోపల ఇంకో రెండు సేఫ్టీలు వాటంతటవే పనిచేస్తాయి. 1982లో ఆస్ట్రియా సైన్యం దీన్ని తీసుకున్నప్పుడు ప్లాస్టిక్ బాడీ గురించే అందరూ మాట్లాడుకున్నారట. నన్నడిగితే అసలు విశేషం ట్రిగ్గరే. అమెరికా 1985లో తీసుకున్న ఎం9 పిస్టల్ లాంటి వాటిలో మొదటి రౌండుకి ట్రిగ్గర్ బరువుగా, పొడవుగా లాగాలి, తర్వాతివి తేలిక. గ్లాక్‌లో మొదటిదీ పదిహేడోదీ ఒకటే. వేలు ఒక్క లాగుడే నేర్చుకుంటే చాలు. మ్యాగజైన్ (తూటాల పెట్టె) వదిలించే బటన్ ఎడమ పక్కనే ఉన్నా ఇబ్బంది లేదు, చూపుడువేలితో నొక్కేస్తాను. నిజానికి కుడిచేతివాళ్లకన్నా నాకే సుఖం.

మూడేళ్ల కిందట ఒక వానరోజు ప్రాక్టీసు ముగించి, పిస్టల్‌ని హోల్‌స్టర్‌లో (నడుముకి కట్టుకునే ఒరలో) పెడుతున్నాను. మామూలుగా జారిపోయి టక్కున కూర్చుంటుంది. ఆ రోజు సగంలో ఆగింది. మెత్తగా, ఏదో గుడ్డ అడ్డం పడ్డట్టు. చెయ్యి నొక్కబోయింది కూడా. ఎందుకో ఆపి, పైకి తీసి చూశాను. వానకోటు అంచున బిగించుకునే తాడు, దాని చివరి ప్లాస్టిక్ గుండీతో సహా, ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డులోకి దూరి ఉంది. ఛాంబర్‌లో (గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోట) రౌండు ఉంది. ఇంకాస్త నొక్కి ఉంటే తూటా నా తొడలోకే. తప్పు పూర్తిగా నాదే, పిస్టల్‌ది కాదు. కానీ ఆ నాలుకకి వేలేదో తాడేదో తెలియదని అప్పుడు తెలిసొచ్చింది.

2017లో అమెరికా సైన్యం ఎం17 అనే పిస్టల్‌ని ఎంచుకుంది. వాళ్లు పట్టుబట్టి బొటనవేలి సేఫ్టీ పెట్టించుకున్నారని విని, ఈ కాలంలో ఇంకా ఆ మీటేంటని నవ్వాను. వానరోజు తర్వాత నవ్వడం మానేశాను. పైగా దానికి మీట రెండు పక్కలా ఉంటుంది. పాత పిస్టల్‌కీ అలాగే ఉండుంటే మీటల మీద నాకింత పగ ఉండేది కాదేమో.

మరి తీసుకోవచ్చా అంటే, నాకిది సరిపోయింది. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ ఉంది, వారం వారం రేంజ్‌కి వెళ్తాను. చొక్కా కింద మెత్తటి సంచిలో దాచుకు తిరిగేవాళ్లకీ, ఏడాదికోసారి కాల్చేవాళ్లకీ నా మాట వర్తించదు. విప్పి తుడవాలన్నా ముందు ట్రిగ్గర్ నొక్కాలి, కాబట్టి ఛాంబర్ ఖాళీ ఉందో లేదో రెండుసార్లు చూసుకోని బద్ధకస్తులకి అసలే వద్దు.

కోటు తాడు ఆ రాత్రే కత్తిరించేశాను. ఇప్పటికీ హోల్‌స్టర్ వైపు చూడకుండా పిస్టల్ లోపల పెట్టను. చూస్తూ పెడితే వేగం తగ్గుతుందని కుర్రాళ్లు అంటారు. లోపల పెట్టేటప్పుడు తొందరేంటో నాకర్థం కాదు.