పిప్పిపన్ను: ఊడేదాకా ఆగాలా, పీకించాలా, నింపించాలా?

బడిలో పళ్ల పరీక్ష జరిగిన మర్నాడు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర అమ్మలు చీటీలు పట్టుకుని నిలబడతారు. అందరిదీ ఒకటే మాట. "పాలపన్నే కదండీ మాష్టారూ, ఎలాగూ ఊడిపోయేదే. దానికోసం అమలాపురం దాకా తిరగాలాండీ?" కోతల రోజుల్లో ఒక పూట కూలి పోతుందంటే ఎవరైనా అలాగే అంటారు.

నన్నడిగితే చూడాల్సింది ఒకటే: ఆ పన్ను నోట్లో ఇంకా ఎన్నేళ్లు ఉండాలి? ముందుపళ్లు ఆరేడేళ్లకే కదులుతాయి. పుచ్చినా నొప్పి లేకుండా ఊగుతుంటే ఊడనివ్వండి. పాల దవడపళ్లు మాత్రం పది పన్నెండేళ్ల దాకా ఉంటాయి. రెండో తరగతి పిల్ల ఆ పుచ్చుపన్నుతోనే ఇంకా మూడు నాలుగేళ్లు అన్నం నమలాలి.

అసలు అది పాలపన్నేనా? ఇదీ చూసుకోవాలి. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనకాల, ఏదీ ఊడకుండానే, పైన రెండు, కింద రెండు కొత్త దవడపళ్లు మొలుస్తాయి. ఏదీ ఊడలేదు కదా అని వీటినీ పాలపళ్ల కిందే కట్టేస్తారు. ఇవి పోతే మళ్లీ రావు. ముందుపళ్ల నడిమి నుంచి ఒక పక్కకి లెక్కపెట్టండి. పాలపళ్లు అయిదే. ఆరోది పుచ్చిందంటే ఆగడమనే మాటే వద్దు.

పీకించడం ఒక్క పూట పని, ఖర్చూ తక్కువ. నాన్నలు దానివైపే మొగ్గుతారు. కానీ దవడపన్ను ముందుగా తీసేస్తే వెనకది ఆ సందులోకి ఒరుగుతుంది, కింద నుంచి రావాల్సిన పన్నుకి చోటు చాలక వంకరగా వస్తుంది. ఆ ఖాళీ నిలపడానికి మళ్లీ తీగ క్లిప్పు పెట్టించాలి. చీముపట్టి, నిలబెట్టడానికి ఏమీ మిగలని పన్నయితే పీకించక తప్పదు.

నా ఓటు నింపించడానికే, అదీ గుంట చిన్నగా ఉన్నప్పుడే. ఒక్కసారి వెళ్తే చాలు, చాలాసార్లు సూది కూడా అక్కర్లేదు. పుచ్చు నరందాకా వెళ్తే పంటి వేరుకి చికిత్స (రూట్ కెనాల్), పైన క్యాపు, రెండు మూడు సార్లు బస్సెక్కడం. నొప్పి లేని రోజుల్లోనే తేలిగ్గా పోయే పని ఇది. "నొప్పి లేదు కదండీ" అని మనం వాయిదా వేసేదీ ఆ రోజుల్లోనే.

లవంగనూనె ఒక రాత్రి గడవడానికి. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు పూస్తే పుచ్చు ఆగుతుంది, పూసిన చోట నల్లబడుతుంది. నోరు తెరవని చిన్నపిల్లలకి డాక్టరుగారిని అడగొచ్చు.

ఎక్కడికి వెళ్లాలంటే, పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల పళ్ల పుచ్చు కూడా ఉంది, చికిత్స ఉచితం. భీమవరం విష్ణు, రాజానగరం జీఎస్ఎల్ లాంటి డెంటల్ కాలేజీలూ ఉన్నాయి. అక్కడ కాస్త టైము పడుతుంది.

ఈసారి మూడో తరగతి పిల్ల వాళ్లమ్మని చీటీతో సరిపెట్టక పరీక్షప్పుడే రమ్మన్నాను. డాక్టరుగారు టార్చి వేసి అద్దం పెట్టారు. కింది దవడపన్ను గుంటలో పొద్దున తిన్న ఇడ్లీ ముక్క ఇరుక్కుని ఉంది. "ఇంత లోతుందాండీ!" అంది ఆవిడ. కూతురి గడ్డం పట్టుకుని ఇంకోసారి చూసి, "రేపొస్తే ఆసుపత్రిలో ఉంటారాండీ?" అని డాక్టరుగారినే అడిగింది.